సాల్ట్ లేక్ సిటీలో నల్లజాతి మోర్మన్ల హిస్టరీ వాకింగ్ టూర్: నాలుగు స్టార్లు, ఒక పెద్ద కంప్లైంట్

అమెరికాలో యూటా రాష్ట్రానికి వెళ్లేవాళ్లు చాలామంది సాల్ట్ లేక్ సిటీలో మోర్మన్ల టెంపుల్ ముందు ఫోటో దిగి అట్నుంచి అటే నేషనల్ పార్కులకి వెళ్లిపోతారు, మా ప్లాన్ కూడా అదే, కానీ మా ఆవిడ ఎక్కడో ఈ టూర్ చూసి నాకు చెప్పకుండానే బుక్ చేసేసింది. జోసెఫ్ స్మిత్ అమెరికాలో స్థాపించిన మోర్మన్ చర్చిలో నల్లవాళ్లకి వందేళ్ల పైన, చర్చి తంతులు చేసే అధికారమైన ప్రీస్ట్‌హుడ్ ఎందుకు ఇవ్వలేదు, 1978లో ఎందుకు ఇచ్చారు అన్నదే టూర్ మొత్తం. నడిపేది చిన్న గ్రూపు, పేరు వేయట్లేదు, కింద కొంచెం తిట్టాను కాబట్టి.

ముందు తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఈ చర్చిలో జీతం తీసుకునే పాస్టర్లు ఊరూరా ఉండరు, పన్నెండేళ్లు వస్తున్నాయంటే ప్రతి మగపిల్లాడికీ ప్రీస్ట్‌హుడ్ మొదలవుతుంది, పెద్దయ్యాక కొడుక్కి బాప్టిజం ఇవ్వాలన్నా, పుట్టిన బిడ్డకి చర్చిలో పేరు పెట్టి దీవించాలన్నా, స్థానిక సంఘానికి బిషప్ అవ్వాలన్నా అదే అర్హత. సో ఎవరో కొద్దిమందికి పదవులు రాలేదు అన్నంత చిన్న విషయం కాదిది, పక్కింటి పన్నెండేళ్ల కుర్రాడు చేసే పని నలభై ఏళ్ల నల్ల తండ్రి చేయకూడదు అన్నమాట. మరి ఆడవాళ్ల సంగతేంటని మా ఆవిడ అడిగింది. ప్రీస్ట్‌హుడ్ ఆడవాళ్లెవరికీ ఇవ్వరు, అయినా నల్ల ఆడవాళ్లని టెంపుల్లో ముఖ్యమైన విధులకి కూడా రానిచ్చేవాళ్లు కాదు, భార్యాభర్తల్ని, పిల్లల్ని పరలోకంలో కూడా విడిపోకుండా కలిపే సీలింగ్ తంతు కూడా అందులోదే. గైడ్ ఇది తడుముకోకుండా చెప్పాడు, మార్కులు పడ్డాయి.

గైడ్ గురించి చెప్పాలి. తెల్లాయన, యాభై దాటుంటాయి, తనే ఆ చర్చి మెంబరు, కుర్రప్పుడు బ్రెజిల్‌లో మిషన్ (మత ప్రచారం) చేసొచ్చాడట. మొదట్లో నాకు డౌటే, ఇంక చర్చిని వెనకేసుకొస్తాడులే అని. కానీ మొదలుపెట్టడమే 1978తో కాకుండా 1836తో మొదలుపెట్టాడు, టూర్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. ఆ ఏడాది ఎలైజా ఏబెల్ అనే నల్లాయనకి ప్రీస్ట్‌హుడ్ ఇచ్చారు. జోసెఫ్ స్మిత్ బతికున్న రోజులవి. ఏబెల్ వడ్రంగి, తర్వాత సెవెంటీ అనే పై హోదా కూడా వచ్చింది, మిషన్లకీ పంపారు. మసాచుసెట్స్ లోవెల్‌లో వాకర్ లూయిస్ అని ఇంకొకాయన, బార్బర్, ఆయనా ఎల్డరే (అదీ ప్రీస్ట్‌హుడ్‌లో ఒక హోదా), 1847లో, స్మిత్ తర్వాత చర్చి పగ్గాలు పట్టిన బ్రిగమ్ యంగే ఆయన్ని మనకున్న మంచి ఎల్డర్లలో ఒకడని మెచ్చుకున్నాడు. అంటే నిషేధం పుట్టుకతో వచ్చింది కాదు, మధ్యలో వచ్చి చేరింది. అదే బ్రిగమ్ యంగ్ 1852లో యూటా టెరిటరీ (అప్పటికింకా రాష్ట్రం కాలేదు) అసెంబ్లీ ముందు నిలబడి నల్లవాళ్లకి ప్రీస్ట్‌హుడ్ లేదన్నాడు, అదే సెషన్‌లో యూటాలో బానిసత్వాన్ని ఒప్పుకునే చట్టం కూడా పాసైంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పేసరికి ఇంక విడిగా వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

తర్వాత బ్రిగమ్ యంగ్ స్తంభం దగ్గరికి తీసుకెళ్లాడు. దూరం నుంచి చూస్తే మామూలు విగ్రహమే, పట్టించుకోం కూడా. కింద ఇత్తడి రంగు పలక మీద 1847లో మొదటి బ్యాచ్‌లో సాల్ట్ లేక్ లోయలోకి వచ్చిన మోర్మన్ వలసదారుల పేర్లు వరసగా ఉంటాయి. అందులో ముగ్గురివి మాత్రం కలర్డ్ సర్వెంట్స్ అని వేరే హెడ్డింగ్ పెట్టి రాశారు, గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ. సర్వెంట్స్ ఏంటి, బానిసలు. లే, క్రాస్బీ అన్నవి వాళ్ల యజమానుల ఇంటిపేర్లు. 2022లో ఊరి చివర దిస్ ఈజ్ ద ప్లేస్ పార్కులో కొత్త స్మారకం పెట్టినప్పుడు అదే మనుషుల్ని హార్క్ వేల్స్, ఆస్కర్ స్మిత్ అని వాళ్లు తర్వాత పెట్టుకున్న పేర్లతో రాశారు. గైడ్ ఇది చెప్పి మమ్మల్ని ఆ పలక ముందు కాసేపు వదిలేశాడు, మా గ్రూపులో ఒక పెద్దావిడ వేలు పెట్టి ఒక్కో అక్షరం తడుముతూ చదివింది.

ఇంక సిమెట్రీ. కొండ మీద, చాలా పెద్దది, అసలే ఊరు ఎత్తులో ఉంది, ఆయాసం వస్తుంది, వాటర్ బాటిల్ మర్చిపోకండి. జేన్ మానింగ్ జేమ్స్ సమాధి దగ్గర చెప్పిన కథ నాకు ఇప్పటికీ మనసులోంచి పోవట్లేదు. 1843లో కనెక్టికట్ నుంచి కుటుంబంతో బయల్దేరింది, బఫలోలో నల్లవాళ్లని పడవ ఎక్కనివ్వలేదు, అక్కడ్నుంచి అప్పట్లో మోర్మన్లుండే ఇల్లినాయ్ నావూ దాకా దాదాపు 800 మైళ్లు నడిచారు, చెప్పులరిగి కాళ్లు పగిలి నెత్తురు కారేలాగ. జోసెఫ్ స్మిత్ ఇంట్లోనే పని చేసింది. యూటా వచ్చాక కరువు రోజుల్లో ఎలైజా లైమన్ అనే తెల్లావిడ ఇంట్లో పిండి లేకపోతే, తన దగ్గరున్న దాంట్లో దాదాపు సగం, రెండు పౌన్లు, తీసి ఇచ్చింది, ఆ లైమనే డైరీలో రాసుకుంది. అలాంటి మనిషి టెంపుల్ విధుల కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెడితే, 1894లో వాళ్లిచ్చిందేంటంటే ఆవిడని జోసెఫ్ స్మిత్‌కి శాశ్వతంగా సేవకురాలిగా సీల్ చేశారు. ఆ తంతుకి కూడా ఆవిడని లోపలికి రానివ్వలేదు, ఆవిడ బదులు వేరే ఆవిడ నిలబడింది. 1908లో పోయింది. అడిగిన విధి 1979లో ఆవిడ పేరు మీద వేరేవాళ్లు చేశారు.

ఏబెల్ సమాధి కూడా అదే సిమెట్రీలో ఉంది, ఇప్పుడున్న రాయి 2002లో ఆవిష్కరించింది. ఆయన కూడా టెంపుల్ విధి కోసం బ్రిగమ్ యంగ్‌ని అడిగాడు, ఆయన తర్వాత చర్చిని నడిపిన జాన్ టేలర్‌ని అడిగాడు, ఇద్దరూ కాదన్నారు, అయినా ముసలితనంలో ఇంకో మిషన్‌కి వెళ్లి తిరిగొచ్చి 1884 డిసెంబర్లో చనిపోయాడు.

1978 భాగంలో గైడ్ బ్రెజిల్ అనుభవం బాగా పనికొచ్చింది. తరతరాలుగా అన్ని జాతులూ కలిసిపోయిన దేశంలో ఎవరి ముత్తాత ఆఫ్రికా వాడో ఎవడు తేలుస్తాడు? సౌతాఫ్రికాలో అయితే ప్రతి మగాడూ తన వంశం మొత్తం ఆఫ్రికా బయట నుంచి వచ్చిందని నిరూపించుకోవాలనే రూల్ ఉండేది, దాన్ని 1954లో అప్పటి చర్చి ప్రెసిడెంట్ మెకే ఎత్తేశాడు. 1975లో సావో పాలోలో టెంపుల్ కడతామని ప్రకటించారు, దానికి చందాలిచ్చి పని చేసిన నల్ల మెంబర్లే రేపు గుమ్మం దాటకూడదు. ఎల్వేసియో మార్టిన్స్ అనే ఆయన ఆ టెంపుల్ పబ్లిసిటీ పని చూశాడు, లోపలికి వెళ్లగలనన్న ఆశ లేకుండానే. నైజీరియా, ఘనా నుంచి ఏళ్ల తరబడి ఉత్తరాలు, మాకు బాప్టిజం ఇవ్వండి అని. చివరికి చర్చి ప్రెసిడెంట్ స్పెన్సర్ కింబల్, అపోస్తలులు అనే చర్చి పెద్దలు కలిసి 1978 జూన్ 1న టెంపుల్లో ప్రార్థన చేశారు, జూన్ 9న ప్రకటన బయటికొచ్చింది, అర్హులైన మగ మెంబర్లందరికీ జాతితో, రంగుతో పని లేకుండా అని. రెండు రోజుల్లో జోసెఫ్ ఫ్రీమన్‌కి ప్రీస్ట్‌హుడ్ ఇచ్చేశారు. ఆ ఆగస్టులో మెకాంకీ అనే అపోస్తలుడు, దేవుడి నుంచి వచ్చిందన్న ఈ కొత్త రివిలేషన్‌కి విరుద్ధంగా బ్రిగమ్ యంగ్ గానీ నేను గానీ ఇంకెవరు గానీ గతంలో ఏం చెప్పినా మర్చిపోండి అన్నాడు. ఇది విని మా గ్రూపులో నవ్వు ఆపుకోలేకపోయారు, గైడ్ కూడా నవ్వాడు పాపం.

ఇప్పుడు కంప్లైంట్. అసలు నిషేధం ఎందుకు పెట్టారని ఒకరు నేరుగా అడిగితే గైడ్ అది దేవుడికే తెలియాలి అన్నాడు. గంట కిందట 1852 అసెంబ్లీ, బానిస చట్టం గురించి అంత వివరంగా చెప్పిన మనిషే! చర్చి తనే 2013 డిసెంబర్లో పెట్టిన వ్యాసం ఇంతకంటే ధైర్యంగా ఉంది, ఆ కాలపు అమెరికా జాతి ఆలోచనల మధ్యే ఈ నిషేధాన్ని చూపించింది, కయీను శాపం, పుట్టకముందు ఆత్మల లోకంలో దేవుడి పక్షాన సరిగ్గా నిలబడలేదు కాబట్టి నల్లగా పుట్టారు లాంటి పాత సిద్ధాంతాలన్నీ మేం ఒప్పుకోం అని రాసింది. క్షమాపణ మాత్రం అందులో లేదు. ఇవన్నీ చెప్పడానికి గైడ్‌కి నోరు రాలేదు. 1949లో చర్చి అధ్యక్షులు ఇది పాలసీ కాదు, ప్రభువు నేరుగా ఇచ్చిన ఆజ్ఞ అని ఉత్తరం రాశారు, ఆ ఉత్తరాన్ని పూర్తిగా ఎగ్గొట్టాడు. పాలసీనా ఆజ్ఞా అన్నదే కదా గొడవంతా, మనుషులు పెట్టుకున్న రూల్ అయితే తప్పైందని చెప్పడం ఈజీ, ఆజ్ఞ అంటే దేవుడి మీదకి పోతుంది.

బయటి ఒత్తిడి గురించి కూడా ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. 1969లో వయోమింగ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీంలో పద్నాలుగు మంది నల్ల ప్లేయర్లు చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీతో మ్యాచ్‌లో ఈ నిషేధానికి నిరసనగా నల్ల బ్యాండ్లు కట్టుకుంటామని అడిగినందుకే కోచ్ టీం నుంచి తీసేశాడు. దీన్ని వదిలేసి 1978ని ఒట్టి ప్రార్థన ఫలితంగా చూపిస్తే వినేవాళ్లకి సగం కథే అందుతుంది. నమ్మేవాళ్లకి రివిలేషన్ రివిలేషనే, కాదనట్లేదు, కానీ అడగడానికి కారణాలు పోగుపడ్డాయి కదా. 1971లో నల్ల మెంబర్లు కలిసి జెనెసిస్ గ్రూప్ పెట్టుకున్న సంగతైనా ఇంకాస్త చెప్పుండాల్సింది, నిషేధం ఉండగానే చర్చిని వదలకుండా ఉన్నవాళ్లు వాళ్లు.

డబ్బు విషయానికొస్తే ఇద్దరికీ కలిపి ఒక మోస్తరు డిన్నర్ బిల్లంత, టిప్ వేరే, నాకైతే గిట్టుబాటే. ప్రశ్నలు అడిగితే విసుక్కోడు, టైం అయిపోయాక కూడా నిలబడి మాట్లాడాడు. పదేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లొద్దు, బోర్ కొడుతుంది. టెంపుల్‌కి 2019 చివర్నుంచి పెద్ద రిపేర్లు పెట్టుకున్నారు, మేం వెళ్లినప్పుడు క్రేన్లే ఎక్కువ కనపడ్డాయి, ఫోటోల మీద ఆశ పెట్టుకోకండి. చిన్న టూర్ ఒకటి ఉంది, చీపే కానీ అందులో సిమెట్రీ ఉండదు, కాబట్టి బుక్ చేసేముందు ఫోన్ చేసి పెద్ద టూరేనా అని కనుక్కోండి, వెళ్లాక ఆ 1949 ఉత్తరం గురించి మీరే అడగండి.