రెండో సీసా: నైట్రేట్ టెస్ట్ కిట్ 3 ఏళ్లు వాడాక

చేపల ట్యాంక్‌లో నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి చివరికి మిగిలి పేరుకునేది) 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉన్నా 80 ఉన్నా నీళ్లు ఒకేలా తేటగా కనిపిస్తాయి. తేడా తెలిసేది టెస్ట్ కిట్‌తోనే. రెండు సీసాల ద్రవ కిట్లలో ఆ తేడా చెప్పాల్సింది రెండో సీసా, మోసం చేసేదీ అదే. 3 ఏళ్లుగా ఇదే రకం వాడుతున్నాను, ఇప్పుడు నడుస్తున్నది మూడో పెట్టె. నా కోపమంతా ఆ ఒక్క సీసా మీదే.

పద్ధతి అందరికీ తెలిసిందే: 5 మి.లీ. నీళ్లు, మొదటి సీసా నుంచి 10 చుక్కలు, రెండో సీసా నుంచి 10 చుక్కలు, ఒక నిమిషం ఊపి 5 నిమిషాలు ఆగడం. రెండో సీసాను 30 సెకన్లు గట్టిగా కుదపమని కాగితం మీద ఉంటుంది కానీ ఎందుకో ఉండదు. అందులో కరగని సన్నని జింకు పొడి ఉంటుంది. ట్యూబులోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేది ఆ పొడే. అలా పుట్టిన నైట్రైట్ మిగతా రసాయనాలతో కలిస్తేనే ఎరుపు వస్తుంది. పొడి అడుగున గట్టిపడి, పైన తేరిన ద్రవం మాత్రమే చుక్కలుగా పడితే నైట్రేట్ మారదు, రంగు పసుపు దాటదు. రంగు పోల్చి చూసే కార్డు మీద పసుపంటే అంతా బాగున్నట్టు. పైగా సీసా తెల్లటిది, లోపల పొడి పేరుకుందో లేదో బయటికి కనిపించదు.

రెండో పెట్టె సగం అయ్యేసరికి సరిగ్గా ఇదే జరిగింది. వారం వారం 5, 10 చూపిస్తూ వచ్చింది. మొక్కల్లేని 100 లీటర్ల ట్యాంక్, చేపలు నిండుగా, వారానికి 25 శాతం నీళ్ల మార్పు. ఆ లెక్కకు 10 రావడమే అసాధ్యం. వారానికి పెరిగే నైట్రేట్‌ను మార్చే నీళ్ల వాటాతో భాగిస్తే ట్యాంక్ చివరికి ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. వారానికి 10 పీపీఎం పెరిగితే, పావు వంతు మారుస్తుంటే, మార్చే ముందు 40 దగ్గర నిలబడుతుంది. కుళాయి నీళ్లలో ముందే ఉన్న నైట్రేట్ దానికి అదనం. కొత్త పెట్టె తెరిచి అదే నీళ్లు చూస్తే ముదురు ఎరుపు వచ్చింది. కార్డులో 40కీ 80కీ మధ్య, ఆ పైన కూడా, తేడా కంటికి ఆనదు. అందుకే 1 మి.లీ. ట్యాంక్ నీళ్లకు 4 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి చూసి, వచ్చిన అంకెను 5తో హెచ్చవేయాలి. 20 వచ్చింది, అంటే అసలు 100.

పాత సీసాను బల్ల అంచున కొట్టి పొడి వదిలించి, 2 నిమిషాలు కుదిపాక అదే నీళ్లకు 40 చూపించింది. అయినా అది పనికిరాదు. అప్పటికే ద్రవం ఎక్కువగా, పొడి తక్కువగా బయటికి పోయింది, లోపలి పాళ్లు మారిపోయాయి. ఎంత కుదిపినా ఆ సీసా మళ్లీ నమ్మదగ్గది కాదు.

అప్పటినుంచి ప్రతి కొత్త పెట్టెనూ, ఆపైన రెండు నెలలకోసారి, తెలిసిన నీళ్లతో సరిచూస్తున్నాను. 1.6 గ్రాముల పొటాషియం నైట్రేట్ లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే దాదాపు 1000 పీపీఎం నైట్రేట్. అందులోంచి 20 మి.లీ. తీసి డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేస్తే 20 పీపీఎం. 0.1 గ్రాము చూపే తూకం చాలు. కిట్ ఈ నీళ్లకు 20 రంగు ఇవ్వకపోతే సీసాను అనుమానించాలి. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌కు పసుపే రావాలి, అదీ చూడండి.

నిజంగా 100 ఉందని తేలాక ఒకేసారి 80 శాతం నీళ్లు మార్చేయాలనిపిస్తుంది. వద్దు. నైట్రేట్ పేరుకున్న ట్యాంక్‌లో కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షారత) కూడా అడుగంటి, పీహెచ్ పడిపోయి ఉండొచ్చు, ఎందుకంటే అమ్మోనియా నైట్రేట్‌గా మారే క్రమంలో క్షారతను తినేస్తుంది. ఆ ఆమ్లపు నీళ్లలో అమ్మోనియా విషం తక్కువగా ఉండే అమ్మోనియం రూపంలో ఉంటుంది. ఎక్కువ కొత్త నీళ్లు పడి పీహెచ్ ఒక్కసారి ఎక్కితే అది తిరిగి విషపు అమ్మోనియా అవుతుంది. ముందు పీహెచ్, కేహెచ్, అమ్మోనియా చూడాలి. తర్వాత క్లోరిన్ తీసిన, అదే వేడి ఉన్న నీళ్లతో రోజుకు 25 శాతం. కుళాయి నీళ్లలో నైట్రేట్ లేకపోతే 100 నుంచి 75, 56, 42, నాలుగో రోజుకు 32. అడుగున పరిచిన గులకరాళ్ల మధ్యలో సిఫన్ గొట్టం పెట్టి మురికి లాగాలి. ఫిల్టర్ స్పాంజిని ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఫిల్టర్‌లో కుళ్లే మురికి ఎప్పటికప్పుడు నైట్రేట్‌గా మారుతుంటే ఎన్ని నీళ్లు మార్చినా అంకె మళ్లీ ఎక్కుతుంది.

కిట్‌లో ఇంకో చిక్కు మూతి దగ్గర. పొడి ఎండి రంధ్రం పూడుకుంటే చుక్క చిన్నదవుతుంది. పిన్నుతో పొడవకండి, రంధ్రం పెద్దదై చుక్క పరిమాణమే మారిపోతుంది. తడి గుడ్డతో తుడిచి, సీసాను నిట్టనిలువుగా పట్టుకుని వేస్తే చుక్కలు సమానంగా పడతాయి. ట్యూబు నోటికి వేలు అడ్డం పెట్టి ఊపవద్దు, లోపల ఉన్నది ఆమ్లం. దానికి మూత ఉంది. ఇక కొత్తగా సైకిల్ అవుతున్న (వ్యర్థాలను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇంకా పెరుగుతున్న) ట్యాంక్‌లో నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా నైట్రేట్ అంకెను లెక్కలోకి తీసుకోకండి. ఉన్న నైట్రైట్‌ను కూడా ఈ కిట్ ఎరుపుగానే చూపిస్తుంది. నైట్రేట్‌ను నైట్రోజన్ లెక్కన చూపే కిట్లూ ఉన్నాయి, ఆ అంకెను 4.4తో హెచ్చవేసి పోల్చుకోవాలి.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ ఈ కిట్ కచ్చితమైందని చెప్పాను, నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్స్ దండగ అన్నాను. ఇప్పుడా మాట కాస్త వెనక్కి తీసుకోవాలి. 40 లోపు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది బాగా చెబుతుంది, ఆ పైన పలచన చేయకుండా చూపే అంకెకు విలువ లేదు. స్ట్రిప్ కచ్చితం కాకపోయినా దానికి కుదిపే పని లేదు, కాబట్టి రెండూ బాగా తేడా కొట్టినప్పుడు సీసాను సరిచూడాలని నాకు గుర్తు చేస్తుంది.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. నాది మొక్కల్లేని, చేపలు నిండిన ట్యాంక్, వారానికోసారి టెస్ట్ చేస్తాను కాబట్టి పొడి గట్టిపడే సమయం తక్కువ. నిండా మొక్కలుండి 3 నెలలకోసారి మాత్రమే చూసేవాళ్లకు ఇదే కిట్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అంతకాలం కదలకుండా ఉన్న సీసాను బల్ల అంచున కొట్టి, కనీసం 2 నిమిషాలు కుదపకుండా వచ్చిన పసుపును నమ్మవద్దు.