విశాఖ ఉక్కపోతకి ఏ బట్ట మేలు: పొందూరు ఖద్దరా, మంగళగిరి చేనేతా, ‘ఆర్గానిక్’ బ్రాండా?

మే నెలలో బీచ్ రోడ్డు మీద పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. పర్యావరణానికి ఎంత మంచిదని చెప్పినా, చెమట పీల్చని బట్టని ఈ ఊళ్లో ఎవరూ తొడుక్కోరు. కాబట్టి మొదటి పరీక్ష చెమటే.

అందులో పొందూరుకి సాటి లేదు. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నని పళ్లకి చెత్తంతా చిక్కుకుని, పోగులు తిన్నగా సర్దుకుంటాయి. తర్వాత ఏకులు (వడకడానికి చుట్టిన దూది చుట్టలు) చేసి రాట్నం మీద వడుకుతారు. 100 కౌంట్ దాకా సన్నటి నూలు వస్తుంది (కౌంట్ అంటే నూలు సన్నదనం కొలత, అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం). వడకడం, నేయడం రెండూ చేత్తోనే. రంగు వేయని తెల్ల గుడ్డ తీసుకుంటే రంగునీళ్ల కాలుష్యమూ ఉండదు. కౌంట్ పెరిగేకొద్దీ ధర ఎక్కుతుంది, ఇస్త్రీ మడత పూటలో పోతుంది. అసలు ఖాదీ అని తెలిపే ప్రభుత్వ ముద్ర, ఖాదీ మార్క్, అడిగి కొనండి.

మంగళగిరి బట్ట కూడా మగ్గం మీద నేసిందే, కానీ నూలు మిల్లుది. పత్తి సేంద్రియం అనుకోవద్దు, రంగులు కూడా ఎక్కువగా రసాయనాలే. అయినా నేత కూలి నేతగాడికే దక్కుతుంది, బట్ట గట్టిది, రోజూ ఉతికినా తట్టుకుంటుంది. అంచుల్లో సూది గుచ్చినట్టు సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. నేసేటప్పుడు పన్నా (గుడ్డ వెడల్పు) ముడుచుకోకుండా పెట్టే కర్ర ముళ్ల గుర్తులవి. మరమగ్గం బట్టకీ అలాంటివి పడొచ్చు గనక అవొక్కటే చూసి నమ్మకుండా, చేనేతకి ఇచ్చే ప్రభుత్వ ముద్ర హ్యాండ్‌లూమ్ మార్క్ వెతకండి. పాలిస్టర్ కలిపారని అనుమానమొస్తే ఒక పోగు లాగి కాల్చండి: నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది.

బ్రాండ్ల విషయంలో ‘ఎకో’, ‘కాన్షస్’ లాంటి మాటలకి విలువ ఇవ్వకండి. గాట్స్ (GOTS, సేంద్రియ బట్టలకి అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర, దాని కింద సర్టిఫై చేసిన సంస్థ పేరు, లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరుని గాట్స్ సైట్‌లో సరిచూడొచ్చు. ఆ ముద్రతో ‘ఆర్గానిక్’ అని ఉంటే కనీసం 95 శాతం సేంద్రియ పోగు, ‘మేడ్ విత్ ఆర్గానిక్’ అంటే కనీసం 70 శాతం.

రోజూ ఆఫీసుకి మంగళగిరి, పదేళ్లు దాచుకునే రెండు చొక్కాలకి పొందూరు. టీషర్టులు, బనీన్లు మాత్రం బ్రాండ్లలోనే వెతకాలి. అవి అల్లిక బట్ట, మగ్గం మీద రావు.

గుడ్డ కొన్నాక టైలర్‌కి నేరుగా ఇవ్వకండి. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేస్తే గుడ్డ కుదించుకునేదేదో ముందే కుదించుకుపోతుంది. లేకపోతే తొలి ఉతుకుకే కాలర్ బిగుస్తుంది. గంజి పెట్టిన ఖద్దరుని వానాకాలంలో బీరువాలో పెట్టొద్దు. సముద్రపు తేమకి గంజి మీద బూజు పట్టి పసుపు మరకలు పడతాయి. గంజి పోయేదాకా ఉతికి, ఎండిన తర్వాతే మడత పెట్టండి.