ముభావమా, అంటీముట్టనట్టా, ఉదాసీనతా: దూరంగా ఉండే మనిషికి ఏ మాట సరి?

నలుగురిలో ఉంటూనే కాస్త ఎడంగా మసలే మనిషి గురించి రాయాల్సి వస్తే చాలామందికి ముందు తట్టే మాట ‘ముభావం’. కథల్లో, అనువాదాల్లో దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడేస్తుంటారు. నాకది సరిగా అనిపించదు.

ముభావంలో తగ్గేది మాట. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఇవాళ అడిగినదానికి మాత్రం జవాబిచ్చి ఊరుకుంటే ‘ఏంటి, ముభావంగా ఉన్నావ్?’ అంటాం. ఏదో జరిగిందని, రేపో ఎల్లుండో సర్దుకుంటుందని ఆ ప్రశ్నలోనే ఉంది. అలకో, దిగులో, కోపమో వెనక ఉండాలి. మొదటినుంచీ ఎవరితోనూ పెద్దగా కలవని పాత్రకు ఈ మాట తగిలిస్తే, పాఠకుడు లేని కారణం కోసం వెతుక్కుంటాడు.

‘అంటీముట్టనట్టు’ దారి వేరు. అంటడమన్నా ముట్టడమన్నా తాకడమే. తాకీ తాకనట్టు ఉండటమన్నమాట. ఇక్కడ మాట తగ్గక్కర్లేదు. నవ్వుతూ పలకరిస్తాడు, పిలిస్తే వస్తాడు, అడిగితే సాయమూ చేస్తాడు. తన సంగతి మాత్రం చెప్పడు, మన సంగతి అడగడు. ‘తమ్ముడితో ముభావంగా ఉంటోంది’ అంటే వాళ్లు మళ్లీ మాట్లాడుకుంటారనే అనుకుంటాం. ‘తమ్ముడితో అంటీముట్టనట్టు ఉంటోంది’ అంటే బంధమే పలచబడిందని తెలుస్తుంది. ఈ మాటతో ఉన్న చిక్కు ఒక్కటే, నామవాచకంగా కుదురుగా ఇమడదు. ‘అంటీముట్టనితనం’ అని రాస్తే అర్థమవుతుంది గానీ పలుకు బరువెక్కుతుంది. దానికన్నా వాక్యాన్నే ‘ఉంటాడు, మాట్లాడతాడు’ అని క్రియతో తిప్పి రాయడం మేలు.

ఇక ‘ఉదాసీనత’. దీని దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. సంస్కృతంలో ఉదాసీనుడంటే ఎడంగా కూర్చున్నవాడు, ఏ పక్షానికీ ఒరగనివాడు. భగవద్గీత 12వ అధ్యాయం 16వ శ్లోకంలో భగవంతుడికి ఇష్టమైన భక్తుడి లక్షణాల్లో ఇదొకటి. నేటి తెలుగులో ఆ గౌరవం దాదాపు పోయింది. ‘అధికారుల ఉదాసీనత’ అని పత్రికలో చదివితే పట్టించుకోవాల్సినవాళ్లు పట్టించుకోలేదనే అర్థం చేసుకుంటాం. అది నింద. తన మానాన తానుండే మనిషిని ‘ఉదాసీనుడు’ అన్నామంటే అతనేదో బాధ్యత వదిలేశాడన్నట్టే. పనిని, సమస్యను గాలికొదిలేసినప్పుడు మాత్రం ఇది బాగా కుదురుతుంది. వాడుకలో చెప్పాలంటే ‘పట్టీపట్టనట్టు’ ఇంకా సూటిగా తగులుతుంది.

‘నిర్లిప్తత’ లోపలి సంగతి. లిప్తమంటే పూసుకున్నది, అంటుకున్నది. గీతలోనే 5వ అధ్యాయంలో వచ్చే తామరాకు, నీళ్ల పోలిక ఈ భావానిదే. మనిషి అందరి మధ్యా తిరుగుతూ, అన్ని పనులూ చేస్తూ కూడా నిర్లిప్తంగా ఉండవచ్చు, పక్కవాళ్లకు తెలియకపోనూవచ్చు. అయితే పెద్ద దెబ్బ తిన్నాక మనసు మొద్దుబారిన స్థితికీ ఇదే మాట వాడుతున్నాం. వైరాగ్యమా, అలసటా అన్నది చుట్టూ ఉన్న వాక్యాలే తేల్చాలి.

మిగతావాటితో ఇంత ఇబ్బంది లేదు. ‘తటస్థం’ అనాలంటే ఎదురుగా ఓ తగాదా ఉండాలి. ‘ఎడమొహం పెడమొహం’ అనాలంటే ఇద్దరుండాలి. ‘బెట్టు’లో బతిమాలించుకోవాలన్న కోరిక ఉంది.

కాబట్టి నాలుగు రోజుల మౌనానికి ముభావం, మనుషులతో పాటించే ఎడానికి అంటీముట్టనట్టు, పని పట్టించుకోకపోతే ఉదాసీనత, మనసు దేనికీ అంటకపోతే నిర్లిప్తత. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు అంటీముట్టనట్టుకే. కానీ అదీ సరిపోని మనుషులున్నారు. కలవాలని ఉండీ నోరు పెగలనివాళ్లు బయటికి అచ్చం ఇలాగే కనిపిస్తారు. వాళ్లను ముభావులనో, బెట్టు చేస్తున్నారనో రాయడం అన్యాయం. వాళ్లది బిడియం, ఆ మాటే రాయాలి.