ఇంజిను వెనకే ఐసు వ్యాను: ఒక హెచ్‌ఓ స్కేల్ మోడల్ గురించి

బరంపురంలో పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కారుతున్న చేపల పెట్టెలు ఎక్స్‌ప్రెస్ బళ్లకి ఎక్కించడం నాకు రోజువారీ పని. అందుకే మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన ఈ ఎక్స్‌ప్రెస్ రీఫర్‌ని, అంటే పాడైపోయే సరుకుల్ని ఐసుతో చల్లగా తీసుకెళ్లే వ్యాను బొమ్మని (హెచ్‌ఓ స్కేల్, అసలుదానిలో 87వ వంతు), నా లేఅవుట్‌లో, అంటే ఇంట్లో పరిచిన బుల్లి రైలు మార్గంలో, గూడ్సుకి తగిలించలేదు. దీని చోటు ప్యాసింజర్ బండిలో, ఇంజిను వెనకే.

అమెరికాలో అసలు వ్యాన్లు అలాగే నడిచేవి. 1929లో మొదలైన రైల్వే ఎక్స్‌ప్రెస్ ఏజెన్సీ అనే పార్సిల్ సంస్థ స్ట్రాబెర్రీలు, పూలు, చేపలు వీటిలో పంపేది. రెండు చివరలా ఐసు గదులు, పైకప్పు మీద వాటి మూతలు. పైకి గూడ్స్ వ్యాగనే అనిపిస్తుంది కానీ, కింద చక్రాల సెట్లు ప్యాసింజర్ వేగానికి తగ్గవి, ఆవిరి గొట్టం కూడా ఉంటుంది. అప్పట్లో ప్రయాణికుల పెట్టెలకి వెచ్చదనం ఇంజిను ఆవిరితోనే వచ్చేది. మధ్యలో గొట్టం లేని వ్యాగన్ పడితే వెనకున్న ప్రయాణికులంతా చలికి వణకాల్సిందే. ఈ మోడల్‌లో ఆ గొట్టాలు విడిగా చిన్న కవర్లో ఇచ్చారు, మనమే అతికించుకోవాలి. నాకు ఈ ఒక్క వివరం చాలు, పెట్టిన డబ్బు దండగ కాలేదనడానికి.

ముదురాకుపచ్చ రంగు, ఎర్ర డైమండ్ గుర్తు చక్కగా కుదిరాయి. భూతద్దంలో చూసినా అక్షరాలు చెదరలేదు. ఐసు మూతలు మాత్రం తెరుచుకోవు.

అసలు లోపం బరువు. తూస్తే 96 గ్రాములే. అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫార్సు ప్రకారం హెచ్‌ఓ బండికి 28 గ్రాములు, ఆపైన పొడవులో అంగుళానికి మరో 14 చొప్పున ఉండాలి. ఏడంగుళాల ఈ వ్యానుకి 126 కావాలి. గూడ్సులో చివర తగిలిస్తే ఈ తేడా తెలియదు. వెనక ఆరు బరువైన పెట్టెలు లాగుతుంటే మాత్రం కర్వ్‌లో ఈ తేలిక వ్యాను లోపలి వైపు ఒరిగిపోతుంది. గోపాల్‌పూర్‌లో వలలకి కట్టే సీసం గుండ్లు తెచ్చి, రెండు చక్రాల సెట్ల మీదా సమానంగా, వీలైనంత కిందికి అతికించాను. ప్లాస్టిక్ చక్రాలు తీసేసి లోహపువి వేశాను, కేడీ కంపెనీ కప్లర్లు (పెట్టెల్ని కలిపే కొక్కేలు) బిగించి ఎత్తు గేజీతో సరిచూశాను. ఇప్పుడు ఎక్కడా పట్టాలు తప్పడం లేదు.

దీన్ని ముందు తగిలించడంలో ఉన్న సుఖం షంటింగ్‌లో తెలుస్తుంది. పెట్టెల్ని ప్లాట్‌ఫారం మీదే వదిలేసి, ఇంజిను ఒక్క రీఫర్‌ని లాక్కుని పాయింట్లు (పట్టాలు చీలే చోటు) దాటి, వెనక్కి తోసి ఐసు సైడింగ్‌లో, అంటే ఐసు నింపే పక్క లైన్లో, పెట్టి వచ్చేస్తుంది. అదే వ్యాను చివర ఉంటే ఇంకో ఇంజిను కావాలి. సెలవులకి వచ్చిన తమ్ముడి కూతురు “పెదనాన్నా, ఈసారి నేను విడదీస్తా” అని కంట్రోలర్ లాక్కుంటుంది. ప్రయాణికుల పెట్టెలు కదలకూడదన్న నియమం ఆ పిల్లే పెట్టింది. సరైన నియమం.

18 అంగుళాల వ్యాసార్థం కర్వ్‌లున్నవాళ్లు కూడా కొనచ్చు, రీఫర్ తేలిగ్గానే తిరుగుతుంది. ఇబ్బంది దాని వెనక వచ్చే పొడుగాటి పెట్టెతోనే: కర్వ్‌లో దాని కొస బయటికి జరిగి, కప్లర్ రీఫర్‌ని పక్కకి నెడుతుంది. వాళ్లు పొట్టి పెట్టెలే తగిలించుకోవాలి. నాది 24 అంగుళాల కర్వ్, అక్కడ నిమ్మళంగా వెళుతోంది.