పాత కారు వేడెక్కుతుంటే పార్టులు మార్చే ముందు ఈ థర్మామీటర్ గన్ కొనండి

నాది 60ల నాటి నాలుగు సిలిండర్ల కారు. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉండేది, హైవే ఎక్కి ఇరవై నిమిషాలు అయ్యిందంటే టెంపరేచర్ మీటర్ ముల్లు ఎర్ర గీత మీదికి వచ్చేసేది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వ్) మార్చాను, రేడియేటర్ క్యాప్ మార్చాను, ఫ్యాన్ బెల్ట్ బిగించాను, అయినా అదే వరస. ప్రయాణమంటేనే టెన్షన్ పట్టుకున్న రోజుల్లో తాకకుండానే వస్తువు పైభాగం వేడిని కొలిచే ఈ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ తీసుకున్నాను.

మొదటిసారి థర్మోస్టాట్ హౌసింగ్ (దాని పై గుల్ల) మీద గురి పెడితే 52 డిగ్రీలు చూపించింది. చెయ్యి పెట్టలేనంత కాలుతోంటే 52 ఏమిటి? గన్ పాడైందనే అనుకున్నాను. తీరా చూస్తే అక్కడున్నది మెరిసే అల్యూమినియం, మెరిసే లోహం మీద ఈ గన్‌లు తక్కువ చూపిస్తాయి. నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి, ఒక నిమిషం ఆగి చూస్తే 87. ఇంత ముఖ్యమైన విషయం డబ్బా మీద ఎక్కడా రాయలేదు, ఇది మాత్రం పెద్ద లోపం.

అసలు పని రేడియేటర్ దగ్గర చేసింది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఫ్యాన్ జోలికి పోకుండా ముందు గ్రిల్ వైపు నుంచి రేడియేటర్ అంతా మెల్లగా చూసుకుంటూ వచ్చాను. అంతటా 70, 80 మధ్య ఉంది, కుడి పక్కన అరచెయ్యి వెడల్పున పైనుంచి కింది దాకా 45 కూడా లేదు. అంటే అక్కడి ట్యూబుల్లో నీళ్లే పారడం లేదు. పై ట్యాంకు ఊడదీయిస్తే ఆ ట్యూబులన్నీ తుప్పు బురదతో పూడుకుపోయి ఉన్నాయి. కడ్డీలు పెట్టి శుభ్రం చేయించాక ముల్లు మధ్యలోనే నిలబడుతోంది.

మీటర్ ఎరుపులో ఉన్నా గన్ 85 చూపిస్తే ముందు మీటర్‌నీ దాని సెన్సార్‌నీ అనుమానించాలి, ఈ ఒక్క పనికైనా కొనొచ్చు. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పై హెడ్‌కీ మధ్య ఉండే సీలు) లీకు, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరగడం (స్పార్క్ ఆలస్యంగా పడటం) లాంటివి మాత్రం ఇది నేరుగా పట్టుకోలేదు. ఇంకోటి, ఎర్ర చుక్క గురి కోసమే, గన్ కొలిచేది దాని చుట్టూ ఉన్న గుండ్రటి చోటంతటినీ. నా దాంట్లో 12:1, అంటే 12 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటర్ వెడల్పు చోటు, కాబట్టి దగ్గరగా పట్టుకోండి. బ్యాటరీ మూత వదులుగా వచ్చింది, దానికీ ఆ నల్ల టేపే వేశాను.