బల్లార్షా వైపు ‘పాత టేకు’ సామాను కొని బాగుచేసుకోదలచినవారికి హెచ్చరిక

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో పాత ఫర్నిచర్ కొని, ఇంట్లోనే ఉప్పుకాగితంతో రుద్ది, పాలిష్ పట్టి కొత్తగా తీర్చిదిద్దుకోవాలనుకునే తెలుగువారందరికీ, ముఖ్యంగా కాగజ్‌నగర్, మంచిర్యాల వైపు నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ కొనేవారికి ఈ హెచ్చరిక. పాత టేకు పేరుతో ముదురు పాలిష్ వేసి అమ్మే సామానులో టేకు కానిదీ, పురుగు పట్టినదీ కలిసి వస్తోంది. రంగు తగలని చెక్కను కళ్లారా చూడకుండా, బిల్లు మీద చెక్క పేరు రాయించుకోకుండా బయానా కూడా ఇవ్వకండి.

ఈ మోసం ఇంత సులువుగా సాగడానికి కారణం ఇక్కడి టేకుకు ఉన్న నిజమైన పేరే. అల్లాపల్లి అడవుల టేకు, బల్లార్షా డిపోలో వేలం వేసే దుంగలు ఎంతో దూరం పోతాయి. అయోధ్య రామమందిరం తలుపుల కోసం 2023లో టేకు పంపింది ఇక్కడి నుంచే. అందువల్ల సాగ్వాన్ (ఇక్కడ టేకును అనే మాట) అని చెప్పగానే ఎవరైనా నమ్ముతారు. అయితే అడవి దగ్గరున్నంత మాత్రాన దుకాణంలోని ప్రతి అలమరా ఆ అడవి చెక్కతోనే చేసినది కాదు.

నేను కొన్నది నిలువెత్తు చెక్క అలమర. తలుపులు తీసేసి, అరలకు లేత పాలిష్ వేసి, పిల్లల పుస్తకాలకు వాడాలన్నది మా ఇంట్లో అనుకున్న పని. “పాత ఇంటి సామాను అన్నా, అసలు సాగ్వాన్, ఇసొంటి చెక్క ఇప్పుడు దొరకదు” అని చెబుతూ ఆ వ్యాపారి తానే చాకు తీసి, ముందు చట్రం లోపలి అంచును కాస్త గీకి చూపించాడు. బంగారు గోధుమ రంగులో నిఖార్సైన టేకు బయటపడింది. పదకొండు వేల రూపాయలు తీసుకుని ఆయన ఇచ్చిన బిల్లులో మాత్రం “పాత ఫర్నిచర్, ఒకటి” అని తప్ప మరో అక్షరం లేదు.

ఇంటికి తెచ్చి 80 నంబరు ఉప్పుకాగితంతో పక్క చెక్కను రుద్దితే మొదట ఎర్రటి పొడి రాలింది, ఆ తరువాత పాలిపోయిన చెక్క కనిపించింది. కింది భాగంలో కాలు అతికిన చోట రంగు కలిపిన లప్పం పెచ్చుగా ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనుక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు వరుసగా ఉన్నాయి. వేలితో తట్టగానే వాటిలోంచి మైదాలాంటి మెత్తని పిండి జారింది. మా వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి చూసి, ముందు చట్రం మాత్రమే టేకు అని, పక్కలకూ అరలకూ వాడినది రంగు పట్టించిన మామిడి చెక్క అని, వెనుక పలక టేకు పొర అతికించిన ప్లైవుడ్ అని తేల్చారు. వ్యాపారి గీకి చూపించిన చోటు ఆయన ఎంచుకున్న చోటే! కనుక ఎక్కడ గీకి చూడాలో కొనేవారే నిర్ణయించాలి. అందుకు ఒప్పుకోని దుకాణంలో ఇక చూడవలసిందేమీ లేదు.

బరువు చూసి టేకు అని నమ్మడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. ఆ పరీక్ష ఇక్కడ పనికిరాదు. ఆరిన టేకు ఘనపుటడుగుకు సుమారు 18 కిలోలు తూగుతుంది. మామిడి చెక్క కూడా దాదాపు అంతే తూగుతుంది, రంపపు పొట్టు అదిమి చేసిన పలకలు ఒక్కోసారి ఇంకా ఎక్కువే తూగుతాయి. చూడవలసింది చెక్క కొస. అలమర వెనుక, అరల చివర, సొరుగు అడుగున రంపంతో అడ్డంగా కోసిన అంచు ఎక్కడో ఒకచోట రంగు లేకుండా ఉంటుంది. టేకులో అక్కడ ఏటేటి వలయాలు స్పష్టంగా కనబడతాయి, ఒక్కో వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుస కట్టి ఉంటాయి. మామిడిలో ఆ వరుస ఉండదు, రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి. పై ముఖం మీద కనిపించే గీతలు అంచు దాటి కొసలోకి కొనసాగుతున్నాయా అన్నది కూడా చూడండి. గీత అంచు దగ్గరే తెగిపోయి, పక్కన ప్లైవుడ్ పొరలు గాని రంపపు పొట్టు గాని కనిపిస్తే అది అతికించిన పొర. ఆ పొర తరచుగా అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు కాబట్టి దాన్ని ఇంట్లో గట్టిగా రుద్ది బాగుచేయడం సాధ్యం కాదు, రెండుసార్లు రుద్దేసరికే కింది పలక తేలుతుంది.

పురుగు సంగతి ఇంతకన్నా ముఖ్యం, ఎందుకంటే నష్టం ఆ ఒక్క వస్తువుతో ఆగదు. నా అలమరలో ఆ రంధ్రాలు చేసి పిండి రాల్చిన ఈ పిండి పురుగు చెక్కలోని పిండిపదార్థాన్ని తిని బతుకుతుంది, కాబట్టి చేవను (దుంగ నడిమి ముదురు చెక్కను) వదిలి చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కను పడుతుంది. టేకు చేవలోని సహజమైన నూనెల వల్ల చెదలు కూడా దాన్ని తేలికగా ముట్టవు గాని, టేకు అయినా తెల్లచెక్క కలిసి ఉంటే ఆ భాగానికి రక్షణ లేదు. పైన వేసిన పాలిష్ లోపలి పురుగును చంపదు. అది తినడం ముగించాక రెక్కల పురుగుగా మారి, రంధ్రం చేసుకుని బయటికి వచ్చి, ఇంట్లో పాలిష్ లేని మరో చెక్కలో గుడ్లు పెడుతుంది. మంచాల అడుగు భాగానికి, తలుపు చట్రాల వెనుక వైపుకు సాధారణంగా ఎవరూ పాలిష్ వేయరు. కాబట్టి తెచ్చిన సామానును నేరుగా పడకగదిలో పెట్టకుండా, వరండాలో నల్లటి గుడ్డ పరిచి కొన్ని వారాలు దాని మీద ఉంచండి. తాజా పిండి రాలితే గుడ్డ మీద తెలిసిపోతుంది.

ఎండలో పెడితే పురుగు చస్తుందని ఆ వ్యాపారి నాకు ఫోనులో చెప్పిన సలహాను పాటించకండి. చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటేదే, నిజమే. కానీ విదేశాలకు పంపే చెక్క పెట్టెలను వేడితో శుద్ధి చేసే నియమం ప్రకారం చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు నిలవాలి. మన పెరట్లో అలా నిలుస్తుందన్న నమ్మకం లేదు. కీళ్లు వదులై, అతికిన పొర లేవడం మాత్రం ఖాయం. పాలిష్ పూర్తిగా తీసేసిన చెక్కకు బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన ద్రావణం పట్టించడం మేలు, పాలిష్ మీద పూస్తే అది లోపలికి దిగదు.

సరిహద్దు దాటించేవారికి మరొక మాట. అలమరను విప్పి చెక్కలుగా తీసుకుపోవచ్చని కొందరు అమ్మకందారులు సలహా ఇస్తున్నారు. 1927 నాటి భారతీయ అటవీ చట్టంలోని 41వ సెక్షన్ కింద టేకు రవాణాకు నియమాలున్నాయి; కాగితాలు లేని విడి టేకు చెక్కలను చెక్‌పోస్టులో ఆపితే జవాబు చెప్పుకోవలసింది కొన్నవారే.

సామాను వెనక్కి తీసుకోవడానికి ఆ వ్యాపారి ఒప్పుకోలేదు, పాత సామానుకు హామీ ఉండదన్నాడు. పాతదైనా సరే, లేని చెక్క పేరు చెప్పి అమ్మడం తప్పే. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు, పైగా మీరు నివసించే జిల్లాకు సంబంధించిన కమిషన్‌లోనే వేయవచ్చు కాబట్టి తెలంగాణ నుంచి వచ్చినవారు చంద్రపూర్ చుట్టూ తిరగనక్కరలేదు. అయితే అనుమానం కలిగిన క్షణమే రుద్దడం ఆపేయండి. ఊడిన లప్పం పెచ్చును, రాలిన పిండిని ప్లాస్టిక్ కవరులో దాచి, రుద్దిన చోటునూ రుద్దని చోటునూ పక్కపక్కన వచ్చేలా ఫోటో తీయండి. మొత్తం రుద్ది కొత్త పాలిష్ వేసేశాక, చెక్కను మీరే మార్చారని అమ్మినవాడు అంటే కాదని చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.