ఓడిపోయిన బాండ్ ముఖం: ‘కాసినో రాయల్’ మళ్లీ చూశాక

మొన్న ఆదివారం మా నాన్నకు ‘కాసినో రాయల్’ పెట్టి చూపించాను. మాది భీమవరం పక్కన పల్లెటూరు. 1966లో ‘గూఢచారి 116’ను నేల టికెట్ కొని చూసిన బ్యాచ్ ఆయనది. జేమ్స్ బాండ్ అంటే ముందు కృష్ణ, ఆ తర్వాతే ఇంకెవరైనా. డేనియల్ క్రెయిగ్ తెర మీదికి రాగానే, “వీడేం బాండ్‌రా, రొయ్యల చెరువు దగ్గర కాపలా కాసేవాడిలా ఉన్నాడు” అనేశారు.

ఆయన్ని అని లాభం లేదు. 2005లో క్రెయిగ్ పేరు ప్రకటించినప్పుడు అసలు అభిమానులే ఇంతకంటే పెద్ద గోల చేశారు. జుట్టు నల్లగా లేదన్నారు, మొహం మొరటుగా ఉందన్నారు. సినిమా చూడొద్దంటూ ఏకంగా వెబ్‌సైటే పెట్టారు. అంతకు ముందు బాండ్ పియర్స్ బ్రాస్నన్ నలగని సూటుకీ చెదరని క్రాఫుకీ అలవాటు పడ్డ కళ్లు మరి. కానీ ఆయన చివరి బాండ్ సినిమాలో, 2002లో, బాండ్ కారు కంటికే కనబడకుండా మాయమైపోతుంది. ఆ తర్వాత ఇంకెంత దూరం పోతారు? అందుకే మళ్లీ మొదటికొచ్చారు. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో రాసిన తొలి నవల తీసుకుని, చంపే లైసెన్సు అప్పుడే చేతికొచ్చిన కుర్ర బాండ్‌తో 2006లో ఈ సినిమా తీశారు. దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్. 1995లో బ్రాస్నన్‌ని బాండ్‌గా దించింది కూడా ఈయనే.

మడగాస్కర్ ఛేజింగ్‌లో కొత్త బాండ్ ఎవరో ఒక్క షాట్‌లో చెప్పేశారు. పారిపోయేవాడు గోడ పైనున్న చిన్న సందులోంచి పిల్లిలా దూరి వెళ్లిపోతాడు. వెనకాల వచ్చే బాండ్‌కి ఆ విద్య రాదు. గోడనే బద్దలు కొట్టుకుని ఇవతలికొస్తాడు.

అంతవరకు సోఫాలో వెనక్కి వాలి కూర్చున్న నాన్న, ముక్కలు పంచడం మొదలయ్యాక ముందుకు జరిగారు. ముప్పై ఏళ్లు క్లబ్బులో రమ్మీ ఆడిన మనిషి. నవలలో ఆట బాకరా, సినిమాలో పోకర్. టేబుల్ దగ్గర కూర్చోవాలంటేనే కోటి డాలర్లు. విలన్ లె షిఫ్ర్‌గా మ్యాడ్స్ మికెల్సన్, ఒక కంట్లోంచి రక్తం కన్నీరులా కారుతుంటుంది. వాడు ఉత్తుత్తి పందెం కాసేటప్పుడు చెయ్యి కణత దగ్గరికి పోతుందని బాండ్ కనిపెడతాడు. ఇంకేముంది, దొరికాడనుకుని ఉన్నదంతా నెట్టేస్తాడు. అవతల నాలుగు జాకీలు దిగుతాయి.

అప్పుడు క్రెయిగ్ ముఖం చూడాలి. అరవడు, బల్ల గుద్దడు. నాన్న మెల్లగా, “ఈ ముఖం నాకు తెలుసురా” అన్నారు. నాకూ తెలుసు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కుండలో నీళ్లు ముంచుకుని తాగేవారు ఆయన. అమ్మ కూడా ఏమీ అడిగేది కాదు.

బాండ్ వెళ్లి ఇంకో 50 లక్షల డాలర్లు ఇమ్మని వెస్పర్‌ని అడుగుతాడు. ఈవా గ్రీన్ వేసిన ఈ పాత్ర బాండ్‌కి డబ్బిచ్చే ఖజానా అధికారి. ఇవ్వనంటుంది. నాకు తెలిసి ఈ సినిమాలో తెలివైన పని అదొక్కటే. బార్‌లో కుర్రాడు మందు ఊపి ఇవ్వాలా, కలిపి ఇవ్వాలా అంటే, నాకేం పట్టింపు ఉన్నట్టు కనిపిస్తున్నానా అని బాండ్ కసురుతాడు. ‘ఊపి ఇవ్వు, కలపొద్దు’ అంటూ నలభై ఏళ్లు ఈలలు కొట్టించుకున్న డైలాగ్‌ని డబ్బు పోగొట్టుకున్నవాడి నోట్లో అలా చెడగొట్టడం నాకు భలే నచ్చింది. అక్కడితో ఆగడు, భోజనాల బల్ల మీది కత్తి పట్టుకుని విలన్ మీదికే బయల్దేరతాడు.

ఇంకోటి, మెట్ల మీద ఇద్దర్ని చంపాక గదిలో అద్దం ముందు రక్తం కడుక్కునే సీను. ఒక గుక్క మందు తాగి, చొక్కా మార్చుకుని, ఏమీ జరగనట్టు వెళ్లి మళ్లీ ఆటలో కూర్చుంటాడు. పాత బాండ్‌లకి టై సర్దుకుంటే సరిపోయేది.

లోపాలున్నాయి. చివరి ఆటలో నలుగురికీ ఒకేసారి బ్రహ్మాండమైన ముక్కలు పడతాయి, బాండ్‌కి ఇస్పేటు నాలుగు నుంచి ఎనిమిది దాకా సీక్వెన్స్. “ఎవడ్రా కలిపింది, వాణ్ణి పట్టుకోండి ముందు” అన్నారు నాన్న. వెస్పర్ పక్కనే కూర్చుని ఆట అర్థం చెప్పే బాండ్ తరఫు మనిషి మాథిస్ క్రికెట్ కామెంటరీలా విసిగిస్తాడు. వెనిస్‌కి వెళ్లాక కథ సాగదీశారు, నేను మధ్యలో లేచి టీ పెట్టుకొచ్చాను.

చిట్టచివర, చేతిలో తుపాకీతో, “బాండ్... జేమ్స్ బాండ్” అంటాడు. మనందరికీ తెలిసిన ఆ మ్యూజిక్ అప్పుడుగానీ పూర్తిగా మోగదు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: “పేరు చెప్పుకోడానికి రెండున్నర గంటలు పట్టిందిరా వీడికి. రెండోది ఉందా?”